అర ఎంత ఎత్తులో ఉండాలి

గనుల డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగమంటే సొరంగాలు గీయడమే అనుకుని చేరే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. నేనూ అలాగే అనుకుని చేరాను. తీరా చూస్తే నా సర్వీసులో సొరంగాలు గీసింది తక్కువ, అరలు గీసింది ఎక్కువ. నట్లు, బోల్టులు, బేరింగులు పెట్టుకునే ఇనుప అరలు. కిందికీ మీదికీ జరుపుకోవడానికి వీలుండేవి. మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లు "డిజైన్ సెక్షన్" అని చెప్పి మాట మార్చేదాన్ని. రిటైరయ్యాక ఆ సిగ్గు పోయింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి మీకు ఎవరో ఒకరు చెప్తారు. నేను చెప్పేది ఒక అర గురించి, దాని ఎత్తు గురించి. చివరికి నా దగ్గర జవాబు ఉందనుకోవద్దు. జవాబు కావాల్సినవాళ్లు ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు, నేనేం అనుకోను.

అరల పని నాకెలా అంటుకుంది

గోదావరిఖని వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో నేను ట్రేసర్‌గా చేరాను. పెద్దవాళ్లు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి మళ్లీ గీయడం ఆ పని. ఆ ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కొన్నేళ్లు గడిచాక బాయి స్టోర్లన్నింటికీ కొత్త ర్యాకులు కావాలని పై నుంచి మాట వచ్చింది. (మా దగ్గర గనిని బాయి అంటారు, నేనూ అలాగే రాస్తాను.) ఇంజనీర్లెవరికీ ఆ పని నచ్చలేదు. అప్పటి మా సార్ అందరి మొహాలూ చూసి నా దగ్గర ఆగారు. ఇంట్లో డబ్బాలు సర్దుకునేది మీరే కదమ్మా, ఈ ర్యాకుల పని మీరే చూడండి అన్నారు.

మా ఇంట్లో డబ్బాలు సర్దేది మా ఆయన. ఆ మాట సార్‌కి చెప్పలేదు. చెప్తే ఆ పని కూడా చేజారి మళ్లీ పల్చటి కాగితాల దగ్గరికే పోయేదాన్ని.

స్టోరు చిన్న సంగతి కాదని నాకు మొదటి నెలలోనే తెలిసింది. బాయి ఆగడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కింద ఒక పంపు బేరింగు పోతే నీళ్లు ఎక్కుతాయి, నీళ్లు ఎక్కితే మనుషులు మీదికి వచ్చేయాలి. ఆ బేరింగు స్టోరులో ఉండి కూడా చేతికి దొరక్కపోతే, అసలు లేకపోవడం కంటే ఎక్కువ తిట్లు పడతాయి. ఆ తిట్లు తినేవాడు స్టోరు కౌంటరు వెనక నిలబడ్డ మనిషి.

జరుగుతాయి, కానీ ఎవరూ జరపరు

నా మొదటి ర్యాకు గురించి నాకు చాలా గర్వంగా ఉండేది. నిలువు యాంగిళ్లకు పొడుగునా బెజ్జాలు. ఏ బెజ్జంలో కావాలంటే ఆ బెజ్జంలో అర బిగించుకోవచ్చు. సామాను పెద్దదైతే అర మీదికి, చిన్నదైతే కిందికి. డ్రాయింగ్‌లో ఒకే ర్యాకును మూడు రకాలుగా గీసి చూపించాను. సార్ భుజం తట్టబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి టేబుల్ తట్టారు.

ఏడాది తర్వాత చూడడానికి పోయాను. ఒక్క అర కూడా జరగలేదు. బిగించిన రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి, బోల్టుల మీద రంగు కూడా వేసేశారు. అరల్లో పట్టని సామానంతా నేల మీద ఉంది. ఆ స్టోరు చూసుకునేది ఖాజా భాయ్. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, కౌంటరు దగ్గర మాకంటే మంచి తెలుగు మాట్లాడతాడు. జరుపుకొమ్మనే కదా ఇన్ని బెజ్జాలు పెట్టింది అని ఆయన్ని నిలదీశాను. ఆయన చాయ్ తెప్పించి, నేను తాగేదాకా ఆగి చెప్పాడు.

"బహెన్, జరుగుతయని మీరు చెప్పిన్రు. జరపమని ఎవరు చెప్పలే. అయినా సామాను ఏడున్నదో నాకంటే నా చేతికి ఎరుక. అర జరిపితే చెయ్యి ఎతుకుతది."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక మా వంటింట్లో దీపం స్విచ్ కోసం గోడ వైపు చూడకుండానే చెయ్యి పెట్టాను. అప్పుడు ఆ కోపం కొంచెం తగ్గింది.

రెండో తప్పు ఇంకో రకం. బోల్టుల బెడద లేకుండా ఊరికే ఎత్తి పెట్టుకునే పలకలు గీశాను. అవి నిజంగానే జరిగాయి. జరిగి జరిగి గేటు దాటాయి. ఒకరోజు చౌరస్తాలో మిర్చి బజ్జీలు తింటుంటే బండి మీద నూనె కడాయి పక్కన నా అర కనిపించింది, నాలుగు మూలలా నేను పెట్టించిన వంపులతో సహా. బజ్జీలు దాని మీద వరసగా ఆరుతున్నాయి. అరిచి గొడవ చేద్దామనుకున్నాను. అర మాత్రం అక్కడ చక్కగా పనికొస్తోంది, అంత చక్కగా స్టోరులో ఎప్పుడూ పనికి రాలేదు. ఇంకో రెండు బజ్జీలు తీసుకుని వచ్చేశాను.

తర్వాత వచ్చిన సార్ అన్నింటినీ వెల్డింగ్ చేయమన్నారు. చేశాం. ఆ తర్వాత నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు పనులు పెరిగి పెద్ద పెద్ద సామాన్లు వచ్చాయి, వెల్డింగులన్నీ కోసేశాం. ఒక సార్ జరగాలంటారు, ఇంకో సార్ కదలకూడదంటారు. ఇద్దరికీ సరేనని గీశాను. ఎవరిది నిజమో అడిగితే ఇద్దరిదీ అనే చెప్తాను. దాంతో మీకు ఏ ఉపయోగమూ లేదని నాకూ తెలుసు.

ఓదెలు భుజం

ఓదెలు కింద పని చేసే మనిషి. ఒక షిఫ్టులో పైకప్పు నుంచి బండ ఊడి కుడి భుజం మీద పడింది. ఏరియా దవాఖానలో చాలా రోజులున్నాడు. చెయ్యి దక్కింది, వేళ్లు బాగానే పనిచేసేవి, కానీ ఆ చెయ్యి ఛాతీ దాటి మీదికి లేచేది కాదు. బాయి దిగే పని ఇక కుదరదని తాత్కాలికంగా లైట్ డ్యూటీ ఇచ్చి ఖాజా భాయ్ స్టోరులో కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టారన్న మాటే గానీ స్టోరులో కూర్చుంటే పని జరగదు. ఎడమ చేత్తో అందుకోబోతే డబ్బాలు మీద పడేవి. కౌంటరు అవతల ఫిట్టర్లు తొందర చేసేవారు. ఏదైనా చేయండి బహెన్, మనిషి మంచోడు, తిట్లు తినలేకపోతున్నాడు అని ఖాజా భాయ్ నాకు ఫోన్ చేశాడు.

టేపు తీసుకుని పోయాను. ఓదెలును గోడకు ఆనించి నిలబెట్టి, చెయ్యి ఎంతవరకు పోతే అంతవరకు చాపమని సుద్దముక్కతో గీతలు పెట్టాను. ముందుకు ఎంత, పక్కకు ఎంత, వంగితే ఎంత. అతను గీతల వైపు చూడకుండా ఖాజా భాయ్ వైపు చూశాడు. "గింత ఫికర్ ఎందుకు మేడం, ఎట్లనో అట్ల ఎల్లుతది" అన్నాడు. మొహమాటమనుకున్నాను. మొహమాటపడేవాళ్లకు సాయం చేయడమంటే నాకు మరీ హుషారు.

ఆ ర్యాకు నా సర్వీసు మొత్తంలోకీ మంచి పని. గర్వంగానే చెబుతున్నాను. బాయిలో మనుషుల్ని దించే పంజరాలు మీరు చూసే ఉంటారు, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది, బరువుకు బరువు సరి. అదే పద్ధతి అరకు పెట్టాను. వెనక కప్పీ, కప్పీ మీద తాడు, తాడు చివర ఇనుప బరువు. నడుం ఎత్తులో ఒక పిడి. దాన్ని తిప్పితే అర వదులవుతుంది, వేళ్లతో మెల్లగా లాగితే కిందికి వస్తుంది, వదిలితే అక్కడే నిలబడుతుంది. రోజూ కావాల్సినవన్నీ మోకాలికీ ఛాతీకీ మధ్య. ఎప్పుడో కావాల్సినవి మీద. ఏదైనా ఒక్క చేత్తో, అదీ లేవని చేత్తో, అందుకోవచ్చు.

ఓదెలు మొదటిరోజు ఆ పిడి తిప్పి, అర దిగితే నవ్వాడు. తర్వాత మళ్లీ ఎక్కించి మళ్లీ దించాడు. నెల తిరిగేసరికి ఫిట్టర్లు ఆ స్టోరు గురించి వేరే బాయిల్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు. పెద్ద సార్లు వచ్చి చూసి ఫోటో దిగారు. నేనూ దిగాను. ఫోటోలో ఓదెలు ఒక్కడే నవ్వడం లేదు. ఆ సంగతి నేను చాలా తర్వాత చూసుకున్నాను.

రాజవ్వ వచ్చిన సాయంత్రం

ఒక సాయంత్రం మా క్వార్టరు ముందుకు ఒకావిడ వచ్చింది. ఓదెలు భార్యనని, పేరు రాజవ్వ అని చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గరే కూర్చుంది. థాంక్స్ చెప్పడానికి వచ్చిందనుకుని నేను సంతోషంగా చాయ్ పెట్టాను. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండానే విషయం చెప్పింది.

బొగ్గు ప్రాంతం బయటివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పని చేయలేని కార్మికుణ్ని డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, అతని కొడుక్కి ఉద్యోగం వచ్చే దారి ఒకటి ఉండేది. ఆ దారి ఒకప్పుడు తెరుచుకునేది, ఒకప్పుడు మూసుకునేది, రూల్స్ ఏడాదికో తీరు. తెరిచి ఉన్నప్పుడే, తండ్రికి కొంత సర్వీసు మిగిలి ఉన్నప్పుడే అది పనికొచ్చేది. మా ఊళ్లో ఎన్నో ఇళ్లు ఈ ఒక్క మాట మీద నిలబడ్డాయి. డాక్టరు నోటి నుంచి ఫిట్ అని వింటే ఏడ్చే మనుషుల్ని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

ఓదెలు కొడుకు డిగ్రీ అయిపోయి కిరాయికి షేర్ ఆటో నడుపుతున్నాడు. తండ్రి భుజం చూసి అందరూ ఇతను అన్‌ఫిట్ అవుతాడనే అనుకున్నారు. బోర్డుకు పోతే డాక్టర్లు భుజం చూశారు, స్టోరు నుంచి వచ్చిన రిపోర్టు కూడా చూశారు. అందులో ఉన్న మాట ఏమిటంటే, ఈ మనిషి బ్రహ్మాండంగా పనిచేస్తున్నాడని. అది అబద్ధం కాదు. బాయి దిగక్కర్లేని సర్ఫేస్ పనికి ఫిట్ అని తేల్చారు. మళ్లీ చూడండని ఓదెలు అర్జీ పెట్టుకుంటే, భుజం ఒకటి చెప్తోంది, స్టోరు ఒకటి చెప్తోంది, మేమే వచ్చి చూస్తామన్నారు.

"గా అరలు మల్ల మీదికి పెట్టు అక్కా," అంది రాజవ్వ. "ముందు ఎట్లున్నయో అట్ల. నిన్ను అబద్ధమాడుమంటలేను. ఆయన చెయ్యి లేస్తలేదు, అది నిజమే గద. నీ అరలు వచ్చినంకనే అది అబద్ధమైంది."

చూద్దాం అన్నాను. ఆవిడ లేచి, అంతసేపూ చేతిలో ఉన్న చాయ్ గ్లాసు గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

ఏ ఎత్తు నిజం

ఆ తర్వాత కొన్ని రోజులు నా బుర్ర పనిచేయలేదు. ఓదెలు ఈ ప్రాంతంలో వేరే ఏ స్టోరులో నిలబడ్డా అన్‌ఫిట్. నా ర్యాకు ముందు నిలబడితే ఫిట్. అంటే ఫిట్ అనేది అతని భుజంలో ఉందా, నా ర్యాకులో ఉందా? అరలు మీదికి పెడితే మోసమవుతుందా? మిగతా బాయిలన్నింటిలో అరలు అంత ఎత్తులోనే ఉన్నాయి కదా, అవన్నీ మోసమేనా? నేను కిందికి దించడమే మనుషుల్ని తప్పుదారి పట్టించడమేమో అని కూడా అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఒక మనిషి తిట్లు తినకుండా పనిచేసుకుంటుంటే అందులో తప్పేముంది?

మా ఆయన్ని అడిగితే, నీకు అరలు తప్ప వేరే లోకం లేదా అని విసుక్కుని, కాసేపటికి తనే వచ్చి, ఆ కొడుకు స్థానంలో మనవాడుంటే ఏం చేస్తావని అడిగి పోయాడు. ఖాజా భాయ్‌ని అడిగితే ఆయన ఇంకా అన్యాయం. ఓదెలు పోతే తనకు అంత మంచి మనిషి దొరకడని అన్నాడు, ఓదెలు పోకపోతే ఆ ఇంటి మొహం చూడలేనని కూడా అన్నాడు. రెండూ ఒకే గుక్కలో అన్నాడు.

చివరికి మీదికే పెట్టాను. ఎందుకు పెట్టానంటే, అడిగింది ఆవిడొక్కతే కాబట్టి. అరలు దించమని ఓదెలు నన్ను ఎన్నడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అరల్ని ఒక్కొక్కటిగా పాత ఎత్తుకు పంపి, కొన్నాళ్లు ఇలాగే ఉంచి చూడాలి అని పైకి అన్నాను. పిడి ముట్టుకోవద్దని ఓదెలుకు చెప్పాను. అతను తలూపాడు. మా ముగ్గురికీ సంగతి తెలుసు, ముగ్గురం ర్యాకు వైపే చూస్తూ మాట్లాడుకున్నాం.

మళ్లీ డబ్బాలు కింద పడ్డాయి, మళ్లీ ఫిట్టర్లు అరిచారు. ఓదెలు స్టూలు ఎక్కి దిగుతూ ఒక్క మాట అనకుండా రోజులు లాగాడు.

చూడడానికి వచ్చిన రోజు

డాక్టరూ, ఒక ఆఫీసరూ పొద్దున షిఫ్టు నడుస్తుండగా వచ్చారు. ర్యాకు గురించి అడిగితే చెప్పాలని నన్నూ పిలిచారు. డాక్టరు మంచివాడు. మొహం చూస్తే ఓదెలుకు మేలు చేసిపోవాలనే వచ్చినట్టు నాకు అనిపించింది. అరలు చూసి, ఇంత ఎత్తా అన్నాడు. నేను కిక్కురుమనలేదు. ఓదెలు చెయ్యి ఎత్తి చూపించాడు, అది ఛాతీ దగ్గర ఆగిపోయింది. డాక్టరు ఆఫీసరు వైపు చూశాడు. ఇంకొక్క నిమిషం అలాగే గడిస్తే అయిపోయేది.

అప్పుడే ఒక ఫిట్టరు పరుగున వచ్చి కౌంటరు మీద చెయ్యి వేశాడు. కింద పంపు ఆగింది, బేరింగు కావాలన్నాడు. నీళ్లు ఎక్కుతున్నయి జల్ది అన్నాడు.

బేరింగు మీది అరలో ఉంది. ఖాజా భాయ్ లేచాడు. ఆయన కౌంటరు చుట్టూ తిరిగి వచ్చేలోపే ఓదెలు పిడి తిప్పాడు. అర చప్పుడు లేకుండా దిగివచ్చి అతని చేతి ముందు ఆగింది. బేరింగు తీసి ఫిట్టరుకు ఇచ్చాడు. ఫిట్టరు పరుగెత్తాడు.

డాక్టరు ర్యాకు దగ్గరికి వచ్చి పిడి వైపు వంగి చూశాడు. తర్వాత, అది మళ్లీ చూపించు అన్నాడు. ఓదెలు చూపించాడు. మొదట మెల్లగా, తర్వాత ఉత్సాహంగా. కప్పీ ఎక్కడుందో, బరువు ఎంతుంటే సరిపోతుందో, పిడి ఏ వైపు తిప్పాలో అన్నీ చెప్పాడు. అర నిండుగా ఉన్నా ఒక్క వేలితో దించి చూపించాడు. ఆఫీసరు కూడా ఒకసారి తిప్పి చూసి, చాలా బాగుందమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తీసుకుని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

వాళ్లు వెళ్లాక ఓదెలు బెంచీ మీద కూర్చున్నాడు. ఎందుకు ముట్టుకున్నావని అడిగాను. నీళ్లు ఎక్కుతున్నాయని అంటుంటే చెయ్యి ఆగలేదన్నాడు. సరే, అది సరే, మళ్లీ చూపించమన్నప్పుడు ఎందుకు చూపించావు, రాదంటే అయిపోయేది కదా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. అతను ర్యాకు వైపు చూశాడు.

"మంచిగ దిగుతది గద మేడం," అన్నాడు. "చూపియ్యబుద్ధయింది."

ఫిట్ అన్న మాటే మళ్లీ వచ్చింది. అరలు మళ్లీ ఓదెలు ఎత్తుకు దించాను. తర్వాత ఆ దారి ఇంకోసారి మూసేశారు. అది తెరుచుకునే నాటికి ఓదెలుకు కావాల్సినంత సర్వీసు మిగల్లేదు.

రాజవ్వ మా ఇంటికి మళ్లీ రాలేదు. కూరగాయల దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఒక్కసారి మాత్రం, షేర్ ఆటోలో పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చినప్పుడు, రోడ్డు వైపు చూస్తూనే అంది.

"నీ అర మంచిగనే ఉన్నదట అక్కా. మా ఇంటికే మంచిగ లేకపాయె."

నాకు ఏడుపొచ్చింది. ఆటో నడుపుతున్నది ఆవిడ కొడుకేమోనని అద్దంలో చూడడానికి భయమేసింది. కాదు, ఇంకెవరో.

టేపు చూస్తే పరుగు

ఓదెలు సంగతి బాయిలన్నీ తిరిగింది. ఆ తర్వాత నేను ఏ స్టోరుకు పోయినా లైట్ డ్యూటీలో ఉన్నవాళ్లు మాయమయ్యేవారు. ఒకాయన గోడకు ఆనుకున్నాడు గానీ చెయ్యి చాపమంటే చెయ్యి అస్సలు కదలదన్నాడు. కొలతలు అయ్యాక అదే చేత్తో నా గొడుగు తీసి ఇచ్చాడు. ఇంకొకాయన తన భుజం ఒప్పుకునే దానికంటే మీదికి చేతులు ఎత్తి చూపించాడు, అతనికి ఉన్న ఉద్యోగం పోతుందని భయం. ఆ ఇద్దరి కొలతలూ నేను రాసుకున్నాను. ఏది నమ్మాలో తెలియక రెండింటికీ సరిపోయేలా అరలు జరిగేవిగానే పెట్టాను. జరిగే అరల వల్ల నాకు తెలిసిన లాభం అదొక్కటే, తేల్చుకోలేకపోయినా డ్రాయింగ్ పూర్తవుతుంది.

కొత్తగా వచ్చే మీకు సలహా ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను. మనిషిని గోడకు నిలబెట్టి కొలిచే ముందు, అతనికి ఆ పనిలో ఉండాలని ఉందా లేదా అడగండి. ఇంట్లోవాళ్లను కూడా అడగండి. ఇద్దరూ చెరో మాట చెప్తారు. ఓదెలును అడిగి ఉంటే నాకు కూడా అతను రెండు మాటలు చెప్పేవాడు, నోటితో ఒకటి, చేత్తో ఒకటి. అప్పుడేం చేయాలో నేను చెప్పలేను. పుస్తకాల్లో అర ఎంత ఎత్తులో ఉండాలో రాసి ఉంటుంది, చదవండి, పరీక్షకు పనికొస్తుంది.

చివరిసారి చూసినప్పుడు

ఓదెలు ఆ ర్యాకు ముందు నిలబడే సర్వీసంతా పూర్తి చేసి దిగిపోయాడు. కొడుకు మా పక్కనే ఉన్న జైపూర్‌లో కరెంటు ప్లాంటు కడుతున్నప్పుడు అక్కడ కాంట్రాక్టు పనికి కుదిరాడని విన్నాను. తెలంగాణ వచ్చింది, ఖనిలో రంగులు చల్లుకున్నారు, అదే ఏడాది రిటైరయ్యే వంతు నాకూ వచ్చింది. చివరి వారంలో అన్ని స్టోర్లూ ఒకసారి చూసి వద్దామని బయల్దేరాను. మిగతావి ఎందుకు చూశానో గానీ, ఖాజా భాయ్ స్టోరు చూడకుండా పోలేను.

అక్కడ ఓదెలు కూర్చుని ఉన్నాడు. అప్పుడప్పుడు చాయ్ తాగడానికి వస్తుంటాడట. అతని జాగాలో కొత్తగా చేరినతను పొడగరి, ముప్పై లోపే ఉంటాడు. ర్యాకు చూసి నేను నిలబడిపోయాను. అరలన్నీ మీదికి పోయాయి. వచ్చిన వారంలోనే తన ఎత్తుకు సరిచేసుకున్నాడని ఖాజా భాయ్ చెప్పాడు. ఇన్నేళ్లలో నా అరను ఎవరూ చెప్పకుండా తన కోసం జరుపుకున్న మనిషి అతనొక్కడే. సంతోషించాలని అనిపించింది, సంతోషం రాలేదు.

ఒక ఫిట్టరు వచ్చి ఏదో అడిగాడు. ఓదెలు దగ్గరగా ఉన్నాడు, అలవాటుగా లేచి చెయ్యి చాపాడు. ఛాతీ ఎత్తులో అర ఉండాల్సిన చోట ఏమీ లేదు. చెయ్యి అక్కడే కొంచెంసేపు ఎతికింది. కొత్తతను వెనక నుంచి వచ్చి, జరుగు కాకా అని, మడమ కూడా ఎత్తకుండా మీది నుంచి తీసి ఇచ్చాడు.

ఓదెలు తన చెయ్యి వెనక్కి తీసుకుని, అతన్ని కింద నుంచి మీదికి చూశాడు.

"ఎవరి కొడుకువు బిడ్డా?"

తండ్రి పేరు చెప్పాడు. కాసిపేట దిక్కు బాయిలో చేసేవాడట, మోకాళ్లు పోయి అన్‌ఫిట్ అయ్యాడట, ఆ నౌకరి ఇతనికి వచ్చిందట. నాయిన ఎట్లున్నడని ఓదెలు అడిగాడు. ఇంట్లోనే ఉంటాడని, ఏమీ తోచక పొద్దస్తమానం గేటు దగ్గర కూర్చుంటాడని అతను చెప్పాడు. ఓదెలు తలూపాడు. అది దేనికి తలూపడమో నాకు అర్థం కాలేదు.

కొత్తతనికి ఏమనిపించిందో, పిడి మీద చెయ్యి వేసి, దించాలా కాకా అని అడిగాడు.

"వద్దు, ఉండనియ్యి," అన్నాడు ఓదెలు. "నీ ఎత్తుకు మంచిగున్నయి."

నేను బయటికి వస్తుంటే గేటు దాకా నాతో నడిచాడు. రిటైరై ఏం చేస్తారని అడిగాడు, తెలియదన్నాను. షేర్ ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాక దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పాడు.

"మా రాజవ్వ కలిస్తే చెప్పకున్రి మేడం, అరలు మీదికి పోయినయని."